ఎదుటివారి మాట

మా కాలేజీ లెక్చరర్లు సమ్మెకి దిగిన ఎండాకాలంలోనే మా అమ్మ ఎవరితోనో మాట్లాడడం మొదలుపెట్టింది. మొదట్లో దాన్ని ఎవరం పట్టించుకోలేదు. ఇంట్లో అందరి ధ్యాసా నా పరీక్షల మీదే ఉంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. అన్ని పేపర్లకీ పాఠాలైపోయాయి, అమెరికన్ కవిత్వం ఒక్కటి తప్ప. టైంటేబుల్లో అది ఆఖరి పేపరు. దానికి పెట్టిందల్లా ఒకే ఒక పాత కవితల సంపుటి. రాసినాయన ఎక్కడో మంచు పట్టిన సముద్రతీరంలో బతికి, మా తాతలు పుట్టకముందే పోయాడు. మాకు చూస్తే రోడ్డు మీద తారు కరిగే ఎండలు.

సమ్మె టెంటు కాలేజీ గేటు పక్కనే వేశారు. నేనూ, గైడూ అక్కడికే వెళ్లాం. గైడు నా స్నేహితురాలు. ఏ పుస్తకం పెట్టినా పుస్తకం మానేసి గైడు కొనుక్కోవడం వల్ల ఆ పేరు స్థిరపడిపోయింది. వాళ్లింట్లో కూడా అలాగే పిలిచేవాళ్లు.

"సర్, ఆ ఒక్క పుస్తకం చెప్పేయండి సర్. ఇక్కడే, టెంటులోనే," అని బతిమాలింది గైడు.

మా ఇంగ్లీషు సర్ పక్కవాళ్ల వైపు చూశారు. "సమ్మెలో కూర్చుని పాఠం చెబితే వీళ్లు నన్ను బతకనివ్వరమ్మా."

"మరి మా గతేంటి సర్?"

ఆయన విసనకర్రలా ఊపుకుంటున్న కరపత్రాన్ని ఆపారు. "మీరు చదువుకుని వచ్చి నాకు చెప్పండి. నేను వింటాను. వినడం పని కిందికి రాదు."

లెక్కల సర్ పకపకా నవ్వాడు. మా సర్ నవ్వలేదు. నిజంగానే అన్నారని మాకు అప్పుడర్థమైంది.

"ముందు గైడుని బయటికి పంపండి," అన్నారు. నా స్నేహితురాలు ముఖం చిన్నబుచ్చుకుని లేవబోయింది. "నిన్ను కాదమ్మా, నీ సంచీలో ఉన్నదాన్ని. కూర్చో."

తర్వాత ఆయన చెప్పినవి నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తున్నాయి. "ఆ పుస్తకంలో ప్రతి కవితలోనూ ఒకరే మాట్లాడతారు. ఎదురుగా ఇంకొకరుంటారు. ఆ రెండోవాళ్ల మాట ఒక్కటీ పుస్తకంలో ఉండదు. మీరు కవితని గట్టిగా చదవండి. మాట్లాడేది ఎవరు, ఎవరితో, ఎక్కడ నిలబడి? అది తేల్చండి. తర్వాత వాక్యం వాక్యం దగ్గరా ఆగండి. ఈ మాట వచ్చిందంటే, దీనికి ముందు ఎదుటివాళ్లు ఏమని ఉంటారు? జవాబు చూసి ప్రశ్న కట్టండి. కట్టినదానికి ఆధారం కవితలోనే చూపించాలి. కవి జీవితం వద్దు, విమర్శకులు వద్దు, నా అభిప్రాయం అసలే వద్దు."

"పరీక్షలో రాకపోతే?" అంది గైడు.

"పరీక్ష సంగతి తర్వాత. ముందు చెవి తెరుచుకోవాలి."

మా ఇల్లు ఒకదాని వెనక ఒకటిగా మూడు గదులు. ముందు గదిలో అమ్మ కుట్టుమిషను. మధ్య గదిలో నాయనమ్మ మంచం, కిటికీ దగ్గర నా బల్ల. వెనక వంటిల్లు. నాయనమ్మ చలికాలం చివర్లో పోయింది. ఆవిడకి చెముడు. మంచం పట్టిన ఏళ్లన్నీ అమ్మే చూసుకుంది. నీళ్లు కావాలా, దుప్పటి కప్పనా అని అమ్మ అరిచే అరుపులు వీధి చివరిదాకా వినిపించేవి. ఆవిడ పిలిస్తే అమ్మ పొయ్యి మీదున్నది దించేసి పరుగెత్తేది. ఇప్పుడు కుదరదని ఆవిడతో అమ్మ అనగా నేనెప్పుడూ వినలేదు. మంచం మాత్రం ఇంకా తీయలేదు. తీయాలన్న ఊసు ఎవరూ ఎత్తలేదు.

నాన్న పంపుహౌస్‌లో ఆపరేటరు. పొద్దున్నే వెళితే సాయంత్రానికిగాని రాడు. పగలంతా ఇంట్లో నేనూ, అమ్మా. గోడకి ఇవతల నేను ఇంగ్లీషు కవితలు గట్టిగా చదువుతుంటే, అవతల అమ్మ మిషను గడగడమని నడిచేది. ఆగేది. మళ్ళీ నడిచేది. ఆగినప్పుడల్లా దారం తెగిందేమో అనుకునేదాన్ని. కానీ దారం తెగితే అమ్మ చిరాగ్గా నాలుక చప్పరిస్తుంది. ఈ ఆగడాల్లో ఆ చప్పుడు లేదు. కాసేపు ఏమీ వినపడేది కాదు. తర్వాత మెల్లిగా అమ్మ గొంతు:

"అలాగే. ఇది అయ్యాక పెడతాను."

మళ్ళీ మిషను.

కుట్టించుకునేవాళ్లెవరో వచ్చారనుకున్నాను. లేచి వెళ్లి చూస్తే ముందు గదిలో అమ్మ తప్ప ఎవరూ లేరు. వీధి తలుపు గడియ వేసే ఉంది.

"ఎవరమ్మా వచ్చింది?"

"ఎవరొచ్చారు?"

"మాట్లాడుతున్నావుగా."

అమ్మ బట్ట తిప్పి మిషను సూది కింద సర్దుకుంది. "నువ్వు చదువుకో," అంది.

సాయంత్రం నాన్న చెవిన వేశాను. ఆయన తేలిగ్గా తీసేశాడు. "ఒంటరిగా పనిచేసేవాళ్లు అలాగే మాట్లాడుకుంటారు. నేను మూడో మోటారుతో మాట్లాడనూ? అది వింటుంది కూడా. మీ అమ్మే నా మాట వినదు."

ఆ వారం నేను పట్టుకున్న కవిత తలుపు దగ్గర మనిషిది. ఒకావిడ పొయ్యి దగ్గర కూర్చుని చేపల వల బాగుచేస్తూ, గడప మీద నిలబడ్డ మనిషితో మాట్లాడుతుంటుంది. వస్తే రా, పోతే పో, వెచ్చదనమంతా బయటికి పోతోంది అంటుంది. గైడులో ఉన్నదేమిటంటే, సముద్రం మీదికి వెళ్లిన భర్త తిరిగొచ్చాడు, ఆవిడ ప్రేమగా విసుక్కుంటోంది అని. పరీక్షకి అది చాలు. కానీ నేను సర్ మాట మీద దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. వాక్యం దగ్గర ఆగి, ఎదుటి మనిషి ఏమన్నాడో కట్టుకుంటూ పోయాను. మధ్యలో ఒకచోట ఆవిడ ఆ మనిషిని మెచ్చుకుంటుంది. ఇప్పుడే కడిగిన నేల మీద నువ్వు అటూ ఇటూ నడిచావు, ఎక్కడా తడి అడుగు పడలేదు, ఎంత జాగ్రత్త అని.

కవిత మొదట్లో బయట మంచుతుఫాను పడుతోందని ఉంది.

నేను చదవడం ఆపేశాను. మంచులోంచి వచ్చిన మనిషి అడుగు తడవకుండా ఎలా ఉంటుంది? ఆ వాక్యాన్ని నోట్లో నోట్లో అనుకున్నాను. వీపు మీద చెమట చల్లబడింది.

గోడ అవతల మిషను కూడా ఆగి ఉంది. అది ఎప్పుడాగిందో నేను గమనించలేదు.

"ఏమే," అని పిలిచింది అమ్మ అక్కణ్ణుంచే. "అక్కడ మళ్ళీ చదవమంటున్నారు."

మా అమ్మకి ఇంగ్లీషు రాదు.

"ఎవరు?" అన్నాను.

"ఎవరేమిటి? చదువు. ఆ నేల కడిగిన దగ్గర."

నేను చదవలేదు. పుస్తకం మూసి, వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాను. ఈ కవిత గురించి నాకు నేనే తెలుగులో పైకే గొణుక్కుని ఉంటాను, అమ్మ విని ఉంటుంది అని సర్దిచెప్పుకున్నాను. అలా గొణుక్కునే అలవాటు నాకుంది. ఆ రోజు గొణుక్కున్నానో లేదో మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

మర్నాడు టెంటులో సర్‌కి కవిత చెప్పాను. తలుపు దగ్గర ఉన్నది బతికున్న మనిషి కాదని, ఆధారం పొడి నేలేనని. సర్ కళ్లు మూసుకుని విన్నారు. మధ్యలో ఎవరో మైకులో నినాదాలు మొదలుపెడితే చేత్తో వారించారు.

"భయం వేసిందా?" అన్నారు చివరికి.

"వేసింది సర్."

"అయితే సరిగ్గా చదివావు."

గైడు ముఖం మాడ్చుకుంది. "మా గైడులో భర్త బతికే ఉన్నాడు సర్. మార్కులు వాళ్లే వేస్తారు, చచ్చినవాళ్లు వెయ్యరు కదా." టెంటంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పటినుంచి నేను కవితలు చదువుతున్నట్టు నటిస్తూ అమ్మని చదవడం మొదలుపెట్టాను. కావాలని చేసింది కాదు. చెవి ఒకసారి తెరుచుకున్నాక మూసుకోదు. పెదాలు కదుపుతూ, పేజీలు తిప్పుతూ, మిషను ఆగినప్పుడల్లా గోడకి చెవి అప్పగించేదాన్ని.

మాట్లాడేది మా అమ్మ. ఎక్కడ కూర్చుని, మిషను ముందు. ఎవరితో?

ఎదుటివాళ్లని 'మీరు' అంటోంది. అంటే తనకన్నా పెద్దవాళ్లు. నాన్నతో మాట్లాడేటప్పుడు గొంతులో ఉండే వెటకారం లేదు. కుట్టించుకునేవాళ్లతో ఉండే చలాకీతనం లేదు. పైగా ఆగినప్పుడల్లా చాలాసేపు వింటోంది. ఎదుటివాళ్లు సాగదీసి చెప్పే మనిషి. చెప్పిందే చెప్పే మనిషి. "విన్నానండీ, పొద్దున్నే చెప్పారుగా," అంది ఒకసారి. "మీ చెంబు ఎవరూ తీయలేదు, అక్కడే ఉంది," అంది ఇంకోసారి.

నాకు వెంటనే నాయనమ్మ తట్టింది. కానీ ఆధారం ఒకటి అడ్డం తగిలింది. నాయనమ్మతో అమ్మ ఎప్పుడూ అరిచే మాట్లాడింది. ఇప్పుడు చూస్తే పక్కగదిలో ఉన్న నాకే సరిగ్గా వినపడనంత మెల్లిగా మాట్లాడుతోంది. కాబట్టి నాయనమ్మ కాదు. ఆ సంగతి తేల్చుకున్న రోజు నాకు ఊపిరాడినట్టయింది. మధ్యాహ్నం ఆకలి వేసింది కూడా.

రెండు రోజులకి అమ్మ మిషను ఆపి, కాసేపు విని, చిన్నగా నవ్వింది.

"నాకూ అదే హాయిగా ఉందండీ. అరిచి చెప్పే బాధ తప్పింది."

నా చేతిలో పేజీ చిరిగింది.

నాయనమ్మకి చెముడు పోయింది. కవితలో నేల తడపని మనిషిలాగే.

అక్కణ్ణుంచి ప్రశ్నలు కట్టడం కష్టం కాలేదు. కట్టకుండా ఉండడమే కష్టమైంది. అమ్మ "లేదు, దానికి నా పోలికే వచ్చింది," అంటే, అవతలి ప్రశ్న నా గురించేనని తెలిసిపోయేది. "ఆయనకేం, డ్యూటీకి వెళ్లారు," అంటే నాన్న గురించి. ఒకరోజు నేను నా బల్ల దగ్గర, మంచానికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాను. అమ్మ మిషను ఆపి, ఎప్పటికన్నా కొంచెం గొంతు పెంచి, పక్కగదిలోని మనిషికి చెప్పినట్టు చెప్పింది:

"అది చదువుకుంటోంది. పలకరించకండి."

నేను వెనక్కి తిరగలేదు. నా కళ్ల ముందున్న వాక్యాన్ని మిషను మళ్ళీ నడిచేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాను. దాంట్లో ఏముందో మాత్రం చెప్పలేను. వీపు వెనక మంచం పట్టె ఒకసారి కిర్రుమంది. ఎండకి కర్ర బిగుసుకుంటే అలా చప్పుడొస్తుంది. ఎండాకాలమంతా అది అలా చప్పుడు చేస్తూనే ఉంది.

ఆ తర్వాత విన్నదే అసలైనది. ఆ రోజు మిషను ఆగి చాలాసేపైంది. అమ్మ ముక్కలు ముక్కలుగా మాట్లాడింది.

"అక్కడ మీకు ఎవరూ లేరా?"

నిశ్శబ్దం.

"అంత చల్లగా ఉంటే ఎలా మరి? కాళ్లకి చుట్టుకోవడానికి ఏమైనా ఉందా?"

నిశ్శబ్దం. ఈసారి ఇంకా ఎక్కువసేపు.

"నాకు తెలుసండీ. మీకు ఇంకొకళ్లు చేస్తే నచ్చదు." అమ్మ నిట్టూర్చింది. "కానీ ఉన్నపళంగా ఎలా వస్తాను చెప్పండి? దాని పరీక్షలు అవ్వనివ్వండి."

సర్ చెప్పినట్టు నేను ఆ జవాబు ముందు ప్రశ్న కట్టాను. ఒకే ఒక్క ప్రశ్న పడుతుంది అక్కడ. నువ్వెప్పుడొస్తావు?

మర్నాడు నాన్నకి భోజనం క్యారియరు నేనే తీసుకెళ్లాను. పంపుహౌస్‌లో మోటార్ల హోరులో మనిషి మాట మనిషికి వినపడదు. నేల అదురుతుంటుంది. నాన్న నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అమ్మని నాయనమ్మ రమ్మంటోంది నాన్నా," అన్నాను.

"ఏంటీ?"

"నాయనమ్మ! అమ్మని రమ్మంటోంది! అమ్మ వస్తానంది!"

అలాంటి మాటని అంత గట్టిగా అరిచి చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు. నాన్న నా ముఖం చూశాడు. వెళ్లి మూడో మోటారు ఆపాడు. ఊరి సగానికి నీళ్లు ఎక్కించే మోటారు అది, చెడిపోతే తప్ప ఆపరు. హోరు సగం తగ్గింది.

"ఎప్పుడొస్తానంది?" అన్నాడు.

పిచ్చిమాటలని కొట్టిపారేస్తాడనుకుని వెళ్లాను. ఆయన నిజంగానే అడుగుతున్నాడు. "నా పరీక్షలయ్యాక," అన్నాను.

ఆయన మళ్ళీ మోటారు వేసి, క్యారియరు విప్పకుండానే కూర్చున్నాడు.

ఆ వారంలోనే నాన్న అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఒంట్లో ఏమీ లేదు, కాస్త నీరసం అని బలానికి మాత్రలు రాసిచ్చారు. అమ్మ బుద్ధిగా వేసుకుంది. అయినా మనిషి తగ్గిపోతూనే వచ్చింది. ఆ మండుటెండల్లో కూడా చేతులు ముట్టుకుంటే చల్లగా ఉండేవి. తర్వాత నాన్న ఇంకోపని చేశాడు. నాయనమ్మ మంచం విప్పి, బండి మీద వేయించుకుని పంపుహౌస్‌కి పట్టుకెళ్లిపోయాడు. అమ్మ వద్దనలేదు. మధ్య గది బోసిపోయింది. నాకు ప్రాణం కుదుటపడింది.

మర్నాడు పొద్దున లేచి చూస్తే అమ్మ కటిక నేల మీద పడుకుని ఉంది. అమ్మ పడుకునే మంచం మీద దుప్పటి శుభ్రంగా పరిచి, తలగడ సరిచేసి ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు నాన్న.

"పెద్దావిణ్ణి కింద పడుకోబెట్టమంటారా?" అంది అమ్మ, అందులో అడగాల్సిందేముందన్నట్టు.

ఆ సాయంత్రమే నాన్న మంచం వెనక్కి తెచ్చి, కూర్చుని, ఒక్కో మేకూ తనే బిగించాడు. బిగించినంతసేపూ తల ఎత్తలేదు. ఆయన తల్లి మంచం అది. అమ్మ మాటల్లో ఆయనేం చదివాడో నాకెప్పుడూ చెప్పలేదు, నేనేం చదివానో నన్ను ఎప్పుడూ అడగలేదు.

అప్పటినుంచి అమ్మ పనులు ముగించుకోవడం మొదలుపెట్టింది. చేతిలో ఉన్న కుట్టుపని ఒక్కోటీ పూర్తిచేసి పంపేసేది, కొత్తది ఒప్పుకునేది కాదు. నాన్న చొక్కాలన్నిటికీ గుండీలు బిగించి కుట్టింది. ఒకరోజు వీధి చివరావిడ పిల్లల యూనిఫాం గుడ్డలు పట్టుకొచ్చింది.

"తొందరేం లేదు, స్కూళ్లు తెరిచేలోగా ఇస్తే చాలు."

"అప్పటికి నేనుండనండీ. ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఊరెళుతున్నారా?"

"ఆఁ. మా అత్తయ్య దగ్గరికి."

"పోన్లెండి, నాలుగు రోజులు విశ్రాంతిగా ఉంటుంది," అని ఆవిడ గుడ్డలు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఈ మధ్యే మా వీధిలోకి వచ్చిన మనిషి. మా ఇంటి సంగతులు ఆవిడకి తెలియవు.

గోడకి ఇవతల నేను పుస్తకంలో ముఖం దాచుకుని కూర్చున్నాను.

ఇక నాకు మిగిలిందల్లా సమ్మె ఒక్కటే. సమ్మె నడిచినంతకాలం పరీక్షలుండవు. పరీక్షలు లేనంతకాలం అమ్మ ఉంటుంది. రోజూ టెంటుకి వెళ్లి లెక్చరర్లకన్నా గట్టిగా నినాదాలిచ్చాను. డిమాండ్లు నెరవేరేదాకా కదలొద్దని లెక్కల సర్‌కి ధైర్యం చెప్పాను. మా సర్ వింతగా చూశారు. "మాకు లేని పట్టుదల నీకెందుకమ్మా?" అన్నారు. ఇంకో కవిత తెరిచి వినిపించాను. ఆ సంపుటిలో అన్ని కవితలకీ ఎదుటిమాటలు కట్టేశాను అప్పటికి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరు ఎవరిని పిలుస్తున్నారో చూసుకోకుండా చెప్పగలిగేదాన్ని.

వానలు మొదలవకముందే సమ్మె ముగిసింది. ఏదో సగం సగం ఒప్పందం. టెంటు విప్పేశారు. మర్నాడే నోటీసు బోర్డు మీద పరీక్షల తేదీలు పెట్టారు. గైడు ఎగిరి గంతేసింది. ఇంటికొచ్చి చెబితే అమ్మ తల ఊపింది.

"ఆఖరిది ఏ రోజు?" అంది.

చెప్పాను. అమ్మ గోడ వైపు తిరిగి ఆ తేదీని మెల్లిగా మళ్ళీ పలికింది.

మిగతా పేపర్లన్నీ రాశాను. ఎలా రాశానో తెలియదు, చెయ్యి రాసుకుపోయింది. ఆఖరి పేపరు రోజు పొద్దున అమ్మ నాకు తల దువ్వింది. చిన్నప్పుడు తప్ప ఎప్పుడూ దువ్వలేదు. వేళ్లు మెడకి తగిలితే నీళ్లలోంచి తీసినట్టున్నాయి.

"బాగా రాయి," అంది.

హాల్లో నా పక్క వరసలో గైడు. ప్రశ్నపత్రం చూసి నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేసింది. మొదటి ప్రశ్నే తలుపు దగ్గర మనిషి. ఆ కవితలో వింటున్నది ఎవరు, కవితలోంచే ఆధారాలతో నిరూపించండి. గైడు ఒక నిమిషం కలం కొరికింది. భర్తని చంపాలో బతికించాలో తేల్చుకుని, తల వంచి గబగబా రాయడం మొదలుపెట్టింది.

నేను నంబరు వేశాను. ప్రశ్నపత్రం మొదటినుంచి చివరిదాకా చదివాను. రాని ప్రశ్న ఒక్కటి కూడా లేదు. కలానికి మూత పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, బయటికి పంపించే వేళ అయ్యేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

"అదనపు కాగితాలు కావాలా?" అని అడిగింది ఇన్విజిలేటరు వంగి. ఖాళీ పేజీ చూసి, "ఒంట్లో బాలేదా?" అంది.

"బాగానే ఉందండీ," అని కాగితం ఆమె చేతికిచ్చి వచ్చేశాను.

ఇంటికి పరుగెత్తలేదు. పరుగెత్తితే ఏం చూడాల్సి వస్తుందోనని భయం. వీధి తలుపు తీసే ఉంది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. అమ్మ మధ్య గదిలో నాయనమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. ఉతికిన బట్టలు కట్టుకుంది. తల దువ్వుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్న మనిషిలా ఉంది.

"అప్పుడే వచ్చేశావేం? ఎలా రాశావు?"

"రాయలేదమ్మా."

అమ్మకి అర్థం కాలేదు. "రాయకపోవడమేమిటి?"

"ఏమీ రాయలేదు. ఖాళీగా ఇచ్చేశాను."

"తప్పుతావా మరి?"

"తప్పుతాను. మళ్ళీ రాయాలి."

"ఎప్పుడు?"

"వచ్చే ఏడు."

అమ్మ ముఖంలో కోపం కోసం వెతికాను. అక్కడ కనపడింది కోపం కాదు. భుజాలు మెల్లిగా కిందికి దిగాయి. ఎప్పటినుంచి బిగబట్టి ఉందో, ఊపిరి వదిలింది. తర్వాత నా వైపు కాకుండా, మంచం తలాపి వైపు తిరిగింది.

"విన్నారుగా అత్తయ్యా. వచ్చే ఏడట."

గదిలో ఏ చప్పుడూ లేదు. అమ్మ తల వంచుకుని చాలాసేపు వింది. చీవాట్లు తింటున్న కోడలి ముఖం అది. నాకు బాగా తెలిసిన ముఖం.

"అవునండీ, మొద్దే," అంది చివరికి. "ఏం చెయ్యమంటారు, కన్నాను కదా."

లేచి, ముందు గదిలోకి వెళ్లి, మిషను మీద గుడ్డ తీసేసింది. "వీధి చివరావిడ యూనిఫాంలు ఇంకెవరికైనా ఇచ్చిందేమో కనుక్కుని రా," అంది నాతో. నేను వెళ్లాను. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

ఆ సంవత్సరం నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మకి ఒంటి మీద కాస్త కండ పట్టింది. మాటలు ఆగలేదుగాని తగ్గాయి. నాన్న డ్యూటీకి వెళ్లేటప్పుడు మధ్య గది గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి వెళ్లడం అలవాటు చేసుకున్నాడు. ఏమైనా అనేవాడేమో, నాకు వినపడలేదు.

మళ్ళీ పరీక్షకి పేరు ఇవ్వడానికి కాలేజీకి వెళ్లినప్పుడు సర్ కనపడి స్టాఫ్‌రూమ్‌లో కూర్చోబెట్టారు. తిడతారనుకున్నాను. "ఎందుకు ఖాళీగా ఇచ్చావు?" అని ఊరుకున్నారు. అంతా చెప్పాను, చెముడు పోవడం నుంచి, చల్లటి చేతులదాకా. ఆయన కళ్లు మూసుకుని విన్నారు, టెంటులో విన్నట్టే.

"ప్రశ్నలన్నీ బాగా కట్టావు," అన్నారు. "ఒక్కచోట తొందరపడ్డావు. 'దాని పరీక్షలు అవ్వనివ్వండి' అన్నారు మీ అమ్మగారు. దాన్ని నువ్వు వస్తానని ఒప్పుకోవడంగా చదివావు."

"అవును సర్."

"తప్పించుకోవడంగా చదివి చూశావా?"

కుదరదని ఒక్కసారి కూడా అనలేని మనిషి ఇంకెలా చెబుతుంది? అమ్మ అన్న మాటలన్నీ మళ్ళీ చెవిలో తిరిగాయి, ఈసారి వేరేలా.

"చూడు," అన్నారు సర్ లేస్తూ. "ఈసారి పేపరు కూడా రాయి."

ఆ పరీక్ష రోజు పొద్దున నేను గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే అమ్మ మిషను ఆగింది. సర్ చెప్పింది ఎంత తలచుకున్నా భయం పోలేదు. ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయాను. అమ్మ వింటూ ఉంది, వింటూనే ఉంది.

"అప్పుడేనా?" అంది తర్వాత, సూదిలోకి దారం ఎక్కించుకుంటూ. "ఇంకా ఎక్కడండీ. ఎమ్మే కూడా చదువుతానంటోంది."

ఎమ్మే మాట నేనెప్పుడూ ఎత్తలేదు. అసలు నాకే తట్టలేదు.

వెళ్లి, అడిగినవాటికీ అడగనివాటికీ కూడా రాసి, చెయ్యి నొప్పెట్టేదాకా రాసి, వచ్చేటప్పుడు ఆఫీసులో ఎమ్మే అప్లికేషను అడిగి తీసుకున్నాను. ఇంటికొచ్చి మధ్య గదిలో నిలబడి, దాన్ని మొదటినుంచి చివరిదాకా గట్టిగా, ఇంట్లో అందరికీ వినపడేలా చదివాను.